కుక్కపిల్ల కొరకడం మానడానికి బేబీ గేటు: ఏడాది దాటాక నా అనుభవం

పసిపిల్లలు గది దాటకుండా గుమ్మానికి అడ్డంగా బిగించే ఊచల గేటే బేబీ గేటు. దాని ఎత్తెంత, వెడల్పెంత, ఏయే రంగుల్లో దొరుకుతుంది అన్నవి అట్టపెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను రాసేదంతా దాని గడియ గురించే. బొటనవేలితో బొత్తాం వెనక్కి జరిపి, అదే చేత్తో గేటును కాస్త పైకెత్తితే తెరుచుకుంటుంది. రెండో చెయ్యి అక్కర్లేదు. మా కుక్కపిల్ల పండు ఆటలో చేతులు కొరకడం మానాలని కొన్న వస్తువులన్నిటిలోకీ నాకు ఎక్కువ అక్కరకొచ్చింది ఈ ఒంటిచేతి గడియే.

కుక్కపిల్లలు ఆడేదే నోటితో. ఒకే కాన్పులో పుట్టినవి ఒకదాని మీద ఒకటి పడి కొరుక్కుంటూ ఆడతాయి. ఒకటి మరీ గట్టిగా కొరికితే రెండోది కుయ్యోమని ఆట మానేసి పక్కకి పోతుంది. ఎంత గట్టిగా కొరికితే ఆట చెడుతుందో వాటికి అలాగే తెలుస్తుంది. మనింటికి వచ్చాక ఆ తోబుట్టువుల స్థానంలో మన చేతులుంటాయి. పన్ను గట్టిగా దిగిన మరుక్షణం ఆట ఆగాలి, ఆడే మనిషి అక్కడ ఉండకూడదు. తిట్టక్కర్లేదు, లేచి వెళ్ళిపోతే చాలు. కాకపోతే ఆ వెళ్ళడం ఒకటి రెండు సెకన్లలో జరిగిపోవాలి. ఆలస్యమైతే కొరికినందుకే ఆట పోయిందన్న సంగతి పిల్లకి అందదు.

ఆ రెండు సెకన్ల దగ్గరే అందరూ ఇబ్బంది పడతారు. నేను లేవగానే పండు ప్యాంటు అంచు పట్టుకుని వేలాడేవాడు. నడిచానా, వాడికి అది ఇంకో ఆట. గది తలుపు వేసేద్దామంటే సందులో కాలు నలుగుతుందేమోనని భయం. పైగా మూసిన తలుపు అవతల వాడు బెంబేలెత్తి ఏడ్చేవాడు. కొరికితే ఆట పోతుందని తెలియాలి గానీ ఒంటరిగా ఉండటమంటే భయం పట్టుకోకూడదు. తెరుచుకోని గేట్లు కూడా ఉన్నాయి, కాలెత్తి దాటాలి. కాలికి పిల్ల వేలాడుతుండగా మోకాలెత్తు అడ్డు దాటడం మనకీ ప్రమాదమే, దానికీ ప్రమాదమే.

అందుకని గేటు పక్కనే నేల మీద కూర్చుని ఆడేదాన్ని. పన్ను గట్టిగా తగిలితే చెయ్యి లాక్కోకుండా వదులుగా ఉంచేసి (లాగితే వెంటపడతాడు, చర్మం చీరుకుపోతుంది కూడా), లేచి నిలబడి, వెనక్కి చెయ్యి చాచి గడియ తీసేదాన్ని. నేను కదలకపోతే వాడికి ప్యాంటు అంచు మీద మోజు పోయేది, వదిలేవాడు. వదలగానే అటువైపు. ఊచల మధ్య నుంచి కనబడుతూనే, వాడి వంక చూడకుండా, అర నిమిషం నిలబడటం. మళ్ళీ లోపలికి వచ్చి బొమ్మతో ఆట మొదలు. మొదట్లో ఇంకా ఎక్కువ కొరికాడు, ఊచలనీ వదల్లేదు. అదివరకు పనిచేసిన ఎత్తు పారకపోతే ఏ పిల్లయినా కొన్నాళ్ళు ఆ ఎత్తునే ఇంకా గట్టిగా వేస్తుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటే అది తగ్గిపోతుంది.

నేను ఊహించనిది ఆ బొత్తాం చప్పుడు. వెనక్కి జరిగేటప్పుడు టక్ మంటుంది, అది ఎవరూ కావాలని పెట్టింది కాదు. ఒక సాయంత్రం నా చొక్కా చేతి అంచు వాడి నోట్లో ఉంది. ముక్కు మీద ముడతలు, తల అటూ ఇటూ విదిలింపు, తోక ఊపు మాత్రం ఆగలేదు. నా బొటనవేలు బొత్తాం మీద పడింది, టక్ మంది. నోరు తెరిచేశాడు. గేటు ఇంకా తెరవనేలేదు. నేను వెళ్ళిపోయే ముందు ప్రతిసారీ వినబడే చప్పుడు కదా, ఆట పోబోతోందని దానితోనే గుర్తుపట్టాడు. గేటు దాటలేదు, అక్కడే కూర్చుని తాడు బొమ్మ అందించాను. ఆ రోజు నుంచి సగం సార్లు నేను లేవాల్సిన పనే రాలేదు. ఆ ఆనందంలో, కుక్కపిల్ల ఉన్న ప్రతి ఇంటికీ ఈ గేటు ఉండి తీరాలని తెలిసినవాళ్ళందరికీ చెప్పాను.

మిగతా సలహాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పిల్ల కొరికినప్పుడు కుయ్యోమని అరవమంటారు. కొన్ని పిల్లలు దానికి ఆగుతాయి, పండు మాత్రం రెట్టించిన హుషారుతో మీదపడేవాడు. మూతి నొక్కిపట్టమని, ముక్కు మీద ఒకటి వెయ్యమని చెప్పినవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. దగ్గరికొచ్చే చెయ్యి అంటే భయం పట్టుకున్న కుక్క పెద్దయ్యాక గుర్రుమని హెచ్చరించకుండానే కరవవచ్చు. ఇయాన్ డన్‌బర్ అనే పశువైద్యుడు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న క్రమం నాకు నచ్చింది: ముందు కొరుకులో బలం తగ్గించాలి, ఆ తర్వాతే కొరకడం పూర్తిగా మాన్పించాలి. అందుకే పన్ను ఆనిన ప్రతిసారీ గేటు వాడలేదు, నొప్పి పుట్టినప్పుడే వాడాను. మెత్తగా నోరు పెట్టడం అలవాటయ్యాక, అంతకన్నా తక్కువ బలంతో కొరికినా గేటు వాడటం మొదలుపెట్టాను.

ఇక అసలు గొడవ. ఇది గోడకి మేకులు కొట్టి బిగించే రకం కాదు. నాలుగు మూలలా మరలు తిప్పితే రబ్బరు బిళ్ళలు రెండు వైపులా గోడల్ని నొక్కిపట్టి, ఆ ఒత్తిడి మీదే నిలబడుతుంది. రోజుకి ఇన్నిసార్లు తీసి వేస్తుంటే మరలు కొద్దికొద్దిగా వదులవుతాయి. నేను వారం వారం బిగిస్తూనే ఉన్నాను. పండు ఒంటికి బరువొచ్చాక ఒకరోజు, నేను అవతలికి దాటి గడియ వేస్తుండగా ముందుకాళ్ళతో గేటు మీదికి ఎగిరాడు. పైన ఎడమవైపు బిళ్ళ నున్నటి రంగు గోడ మీద జర్రున జారింది. చట్రం పక్కకి ఒరిగింది, రెండో వైపు కూడా పట్టు వదిలేసింది, గేటు మొత్తం ఇనప చప్పుడుతో నేల మీద పడింది. అదృష్టం కొద్దీ వాడి మీద పడలేదు. మంచం కిందికి దూరిపోయి, పొట్ట నేలకి ఆనించి, వణుకుతూ ఉండిపోయాడు. పిలిచినా రాలేదు, ఇష్టమైన తిండి పెట్టినా ముట్టలేదు.

ఆ తర్వాత టక్ మంటే నోరు వదలడం కాదు, గది వదిలి పారిపోయేవాడు. ఆ గుమ్మం దాటాల్సి వస్తే గోడ వారన నక్కి నక్కి పోయేవాడు. అంత మంచి గుర్తుగా కుదిరిన చప్పుడు ఒక్క దెబ్బతో భయపెట్టేదిగా మారిపోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, ఇది పసిపిల్లల కోసం చేసింది, కుక్క దూకితే వారంటీ వర్తించదు అన్నారు. పెట్టె మీద మాత్రం కుక్కపిల్ల బొమ్మ కూడా ఉంది! ఆ జవాబు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

గేటును విప్పి నేల మీద పడుకోబెట్టి, చుట్టూ తిండి ముక్కలు వేస్తూ మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి గోడకి ఆనించాను, ఆపైన మూయకుండా బిగించాను. ఈసారి గోడకి రంధ్రాలు చేయించి, గిన్నెల్లాంటి బిళ్ళలు స్క్రూలతో కొట్టించి, మరల కొనలు వాటిలో కూర్చునేలా పెట్టించాను. ఆ బిళ్ళలు పెట్టెలోనే వస్తాయి, తప్పనిసరి కాదని కాగితంలో రాసి ఉంటుంది. కుక్క ఉన్న ఇంట్లో తప్పనిసరి అనుకోండి. మెట్ల పైచివర అయితే ఒత్తిడి మీద నిలబడే గేటు అసలు పెట్టకండి.

చప్పుడు మీద భరోసా మాత్రం మళ్ళీ పెట్టుకోలేదు. గడియ తీసే ముందు "చాలు" అనడం అలవాటు చేసుకున్నాను. మాట, ఒక క్షణం ఆగడం, ఆపైన గడియ. మెల్లగా ఆ మాటకే నోరు వదలడం వచ్చింది. ఆలోచిస్తే మొదటి నుంచీ అదే పద్ధతి మేలు. బయటికి వెళ్ళినప్పుడు, ఇంకొకరి ఇంట్లో ఉన్నప్పుడు, మన గేటు మనతో రాదు కదా.

ఇప్పుడు చేతులు కొరకడు. అదంతా గేటు చలవేనని ఘంటాపథంగా చెప్పలేను. కుక్కపిల్లలకి పాలపళ్ళు 28, సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల అటూ ఇటూగా అవి రాలడం మొదలై, ఆరేడు నెలలకి 42 పెద్ద పళ్ళు వచ్చేస్తాయి. చిగుళ్ళ దురద పోయాక కొరకాలన్న యావ దానంతటదే కొంత తగ్గుతుంది. మా మంచి రోజులు సరిగ్గా ఆ వయసులోనే వచ్చాయి. దురద ఎక్కువగా ఉన్న రోజుల్లో గేటు కన్నా తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డే ఎక్కువ పనిచేసింది (పక్కనే కూర్చుని నమలనివ్వాలి, పీలికలు మింగితే పేగులకి అడ్డం పడతాయి). రాత్రయ్యేసరికి పూనకం వచ్చినట్టు గది చుట్టూ పరుగెత్తి కొరికే వేళ ఒకటుంటుంది చూశారా, అప్పుడు ఆట ఆపి మళ్ళీ మొదలుపెడితే ఇంకా రెచ్చిపోయేవాడు. అది అల్లరి కాదు, నిద్ర చాలకపోవడం. ఆ ఈడు పిల్లలు రోజులో 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. గేటు మూసి దీపం తగ్గిస్తే పదినిమిషాల్లో గుర్రు పెట్టేవాడు.

ఇంకొక్క మాట. పన్ను గీరుకుని రక్తం వస్తే, ఆటలోనే కదా అని వదిలేయకండి. సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించండి. పాలపళ్ళ వయసులో చాలా కుక్కపిల్లలకి రేబిస్ టీకా ఇంకా పడి ఉండదు.

మళ్ళీ కొంటానా అంటే, నా పరిస్థితుల్లో కొంటాను. మా గుమ్మం ఇరుకు, పండు మధ్యరకం సైజు, రోజంతా ఇంట్లో ఉండి ఆట ఆపాల్సిన ప్రతిసారీ ఆపగలిగిన మనిషిని నేను. ఇంట్లో పాకే బిడ్డ ఉంటేనో, పెద్ద జాతి పిల్ల అయితేనో ఈ గేటును నమ్మమని చెప్పను. మరీ చిన్న జాతి అయితే ఊచల సందులో తల పడుతుందేమో ముందే చూసుకోవాలి. ఎనిమిది వారాలైనా నిండకుండా తల్లి నుంచి వేరుచేసిన పిల్లలకీ, భయంతో కరిచే పిల్లలకీ ఇది సరిపోదు, మంచి ట్రైనర్‌ని కలవాలి. కొనేటట్టయితే బిగించి పెట్టిన గేటు దగ్గరికి వెళ్ళి, ఒక చేతిలో బరువైన సంచీ పట్టుకుని, గేటుకి వీపు పెట్టి నిలబడి రెండో చేత్తో గడియ తీసి చూడండి. చూడకుండా, తడుముకోకుండా తెరుచుకుంటేనే తీసుకోండి.