స్విఫ్ట్ ముందు బ్రేకులకు నా మార్కుల పట్టీ

మాది 2018 నాటి స్విఫ్ట్, పెట్రోలు బండి. ఈమధ్య దాని ముందు చక్రాలకు మారుతి వారి అసలు ప్యాడ్లు, అసలు డిస్కులు వేయించాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, బ్రేకు నొక్కితే దాన్ని రెండు పక్కలా అదిమి పట్టేవి ప్యాడ్లు. పని విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డులో జరిగింది. సామానుకు పదికి ఎనిమిది మార్కులు, బిగింపుకు తొమ్మిది. పాలిటెక్నిక్‌లో మెట్రాలజీ, అంటే కొలతల శాస్త్రం, పాఠం చెప్పి రిటైరైనదాన్ని, పదికి పది వేయడం నా చేతికి అలవాటు లేదు. కాబట్టి ఎనిమిదిని తక్కువగా చూడకండి.

బిగింపుకు ఎందుకు ఎక్కువ వేశానో చెప్పాలంటే జబ్బు దగ్గర మొదలుపెట్టాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు మెల్లగా నొక్కితే స్టీరింగ్ వణికేది, పాదం కింద పెడల్ కొట్టుకునేది. తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు అది బాగా ఎక్కువైంది. ఘాట్ దిగడం బ్రేకులకు ఎంత పరీక్షో లెక్క వేసి చూడండి. మనుషులు, సామానుతో కలిపి బండి బరువు 1,200 కిలోలనుకుందాం. కొండకూ ఊరికీ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. దిగేసరికి 80 లక్షల జౌళ్లకు పైగా శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ఇరవై అయిదు లీటర్ల నీళ్లను కాచి మరిగించేంత వేడి అది. రెండో గేరులో దిగితే అందులో మంచి వాటా ఇంజను మోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు ఆదా చేస్తున్నామనుకునే వాళ్లు ఆ మొత్తాన్నీ నాలుగు చక్రాల మీదికి, అందులోనూ ముఖ్యంగా ముందు డిస్కుల మీదికి తోస్తున్నారు.

వణుకు సంగతి చెబితే, మొదట చూపించిన సర్వీసు సెంటర్‌లో మీటరు మీది కిలోమీటర్లు చూసి, చక్రం విప్పకుండానే డిస్కులు బెండయ్యాయని అంచనా కాగితం రాసి ఇచ్చారు. ఆ కాగితంలో వెనక చక్రాలకు కూడా డిస్కు ప్యాడ్ల శుభ్రం అని ఒక వరుస ఉంది. మన స్విఫ్ట్‌కు వెనక ఉన్నవి డ్రమ్ము బ్రేకులు, వాటికి డిస్కు ప్యాడ్లే ఉండవు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఇంటి నుంచి మందం కొలిచే నా మైక్రోమీటరు తీసుకుని ఆటోనగర్ దారి పట్టాను.

డిస్కు బెండయిందని అందరూ అంటారు. మందపాటి పోత ఇనుప డిస్కు అంత సులువుగా వంగదు. చాలాసార్లు జరిగేది వేరు. డిస్కు చుట్టూ మందం ఒకేలా ఉండకుండా పోతుంది. ప్యాడ్ల మధ్య నుంచి దళసరి చోటు వచ్చినప్పుడు ప్యాడ్లను తోసే పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, పలచని చోటు వచ్చినప్పుడు వదులుతుంది. ఆ నెట్టుడు బ్రేకు నూనెలో నుంచి పెడల్‌కు చేరుతుంది, స్టీరింగ్‌లో వణుకుగా తెలుస్తుంది. మేస్త్రి చక్రం విప్పాక డిస్కు మీద ఎనిమిది చోట్ల చాక్‌పీసుతో గుర్తులు పెట్టి కొలిచాను. ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా 0.03 మిల్లీమీటర్లు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. 0.02 దగ్గరే చాలా కార్లు వణకడం మొదలుపెడతాయి. ప్యాడ్లలో మిగిలిన పదార్థం 3 మిల్లీమీటర్లు, అంటే వాటి కాలం కూడా అయిపోవచ్చింది. లోపలి ప్యాడ్‌కు ఉండే రేకు నాలుక డిస్కును రాసుకుని కీచుమనే దాకా ఆగవచ్చు. నాకు ఆ సంగీతం మీద ఆసక్తి లేదు.

లేతు మీద పెట్టి డిస్కు ముఖం గీయించవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు డిస్కు మీదే ఉంటుంది. ఎంత మందం కంటే తగ్గకూడదో అంచు మీదో, మధ్య గిన్నె భాగం మీదో పోతలోనే అంకె వేసి ఉంటుంది. తుప్పు బ్రష్షుతో రుద్దితే బయటపడుతుంది. గీయించిన తరువాత కూడా ఆ అంకెకు పైన సౌకర్యంగా మిగిలేటట్టుంటే లేతు పని మంచిదే, ఖర్చు కూడా తక్కువ. మా డిస్కు ఆ హద్దుకు అప్పటికే బాగా దగ్గరపడింది. పలచనైన డిస్కు వేడిని తక్కువగా దాచుకుంటుంది, తొందరగా కాగుతుంది. అందుకని కొత్తవే, అవీ జతగా. ఒక పక్క కొత్తది, మరో పక్క పాతది వేయడం నాకు సమ్మతం కాదు.

ఇక ఎంపిక. ప్యాడ్లలో నేను చూసినవి మూడు రకాలు. మారుతి అసలువి, టీవీఎస్ గిర్లింగ్ పేరుతో ఉన్న బ్రేక్స్ ఇండియావి, ఇంటర్నెట్‌లో సిరామిక్ అని రాసి ఉన్న దిగుమతి సరుకు. గిర్లింగ్ ప్యాడ్లు ఇంతకు ముందున్న వ్యాగన్ఆర్‌కు వాడాను, ఏ లోటూ రాలేదు, ఇప్పుడు కూడా నా రెండో ఎంపిక అవే. సిరామిక్ వాటి గురించి నాకు పట్టింపు లేదు. దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ అన్నది నిజమే. ఊళ్లో కూరగాయలకు, ఏడాదికి ఒకటి రెండు సార్లు కొండకు వెళ్లే తేలికపాటి బండికి అంత ధర పెట్టాల్సిన అవసరం కనిపించలేదు. లోహపు పొడి ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ రకం వేడికి బాగా ఆగుతుంది, కానీ డిస్కును త్వరగా అరగదీస్తుంది, పొద్దున్నే చప్పుడు చేస్తుంది. బండితో వచ్చిన ప్యాడ్లు ఏ గుణంతో ఉన్నాయో దానికి దగ్గరగా ఉండేవే నాకు కావాలి. ముందు వెనక బ్రేకుల మధ్య పంపకం ఆ గుణాన్ని బట్టి కుదిర్చి ఉంటుంది.

ప్యాడ్ అంచు మీద ఎఫ్ఎఫ్ (FF), జీజీ (GG) లాంటి రెండు ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి, చూశారా? దుకాణంలో కుర్రవాడు జీ అంటే గ్రేడ్ వన్ అని చెప్పాడు. కాదు. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకానికి, అంటే పట్టు ఎంతో చెప్పే అంకెకు, రెండోది బాగా కాగినప్పటిదానికి గుర్తు. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 దాకా, జీ అంటే 0.45 నుంచి 0.55 దాకా, ఇంగ్లిషు E అంటే 0.25 నుంచి 0.35 దాకా. ఆ అక్షరాలు నాణ్యత గురించి ఏమీ చెప్పవు, ఎంత కాలం మన్నుతుందో అంతకన్నా చెప్పవు. పాత ప్యాడ్ మీది అక్షరాలను కొత్తదాని మీది వాటితో పోల్చి చూసుకోవడానికి మాత్రం పనికొస్తాయి. యూరప్ లెక్క ప్రకారం వచ్చిన ప్యాడ్లయితే వెనక రేకు మీద వలయంలో ఇంగ్లిషు E అక్షరం, పక్కన 90ఆర్ అనే ముద్ర ఉంటాయి. బండితో వచ్చిన బ్రేకుల పనితీరుకు పదిహేను శాతం అటూ ఇటూ లోపల ఉన్నట్టు పరీక్షలో తేలాలని దాని అర్థం. ఈ ముద్రకు నేను విలువ ఇస్తాను.

డిస్కుల దగ్గర మా మరిదితో చిన్న యుద్ధం జరిగింది. చిల్లులు పొడిచి, గాడులు కోసిన డిస్కుల ఫొటో పంపి, "వదినా, ఇవి వేయించండి, రేసు బండ్లకు ఇవే వాడతారు" అన్నాడు. స్విఫ్ట్ ముందు డిస్కు అసలే రెండు పలకల మధ్య గాలి ఆడే రకం, చల్లబడటానికి దాని ఏర్పాటు దానికుంది. చిల్లులు పొడిస్తే వేడిని దాచుకునే లోహం తగ్గుతుంది, చిల్లు అంచుల దగ్గర పగుళ్లు మొదలయ్యే ప్రమాదం కూడా ఉంది. ఖాళీ బండి బరువు 900 కిలోల లోపు, అంత తేలిక బండికి రేసు డిస్కులెందుకు? మరిది అలిగాడు కానీ డిస్కులు మామూలువే వచ్చాయి.

కొనేటప్పుడు ఒక మాట. డబ్బా మీద పార్టు నంబరు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, తయారీదారు చిరునామా ఉండాలి. అవి లేని డబ్బా ఎంత మెరిసినా వెనక్కి ఇచ్చేయండి. బండి ఆర్‌సీ నకలు చూపించి పార్టు నంబరు సరిచూసుకోవడం మంచిది, స్విఫ్ట్ అన్న పేరు ఒక్కటే అయినా తరాలు మారాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. నేను మొదట అడిగిన దుకాణంలో పాత ధర ముద్ర చూపించి పాత ధరే అడిగారు. బిల్లు ఇవ్వండి, పన్ను శాతం రాయండి అన్నాక ధర దానంతట అదే దిగింది. నాకు ప్యాడ్ల సెట్టు రెండు వేల చిల్లర, డిస్కుల జత నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ పడింది.

అసలు పని ఇక్కడ. పాత డిస్కు ఊడకపోతే సుత్తితో బాదే షెడ్లు చూశాను. సుజుకీ డిస్కులో మర తీసిన రెండు బొక్కలుంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు ఎక్కించి సమంగా బిగిస్తూ పోతే డిస్కు తనే హబ్‌ను, అంటే చక్రం, డిస్కు బిగించే మధ్య భాగాన్ని, వదిలి వస్తుంది. మా మేస్త్రి సుత్తి వైపు చూడకుండా బోల్టులు తీశాడు, అప్పుడే నాకు సగం ధైర్యం వచ్చింది. తరువాత హబ్ ముఖం. అక్కడ తుప్పు పొర పేరుకుని ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి కొత్త డిస్కు ఎక్కిస్తే అది కాస్త పక్కకు వాలి తిరుగుతుంది. మొదటి రోజున ఏమీ తెలియదు. బ్రేకు నొక్కకపోయినా తిరిగిన ప్రతిసారీ డిస్కు ఒకే చోట ప్యాడ్‌ను తాకుతూ పోతుంది, కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ మందం మారి పాత వణుకు తిరిగి వస్తుంది. అప్పుడు కొత్త డిస్కును, కంపెనీని తిట్టుకుంటారు. ఇతను తీగ బ్రష్షుతో, తరువాత సన్నటి ఎమరీ కాగితంతో హబ్ ముఖాన్ని, చక్రం నట్లు ఎక్కే స్టడ్ల మొదళ్ల చుట్టూ కూడా మెరిసేదాకా తుడిచాడు. డిస్కు ఎక్కించి, నట్లతో అదిమి, డిస్కు పక్కకు ఎంత ఊగుతోందో చూపే డయల్ గేజి పెట్టి తిప్పాం. ఒక పక్క 0.03 మిల్లీమీటర్లు, మరో పక్క 0.06. రెండోదాన్ని విప్పి, హబ్ మీద ఒక రంధ్రం జరిపి మళ్లీ ఎక్కించమన్నాను. 0.04కు వచ్చింది. చాలా కార్లకు హద్దు 0.05 నుంచి 0.1 మధ్య ఉంటుంది. మేస్త్రి మొదట, "మేడమ్, ఇంత ఎవరూ చూడరు" అన్నాడు. రెండో చక్రానికి మాత్రం నేను అడగకముందే గేజి తీశాడు. ఆ తొమ్మిదో మార్కు దానికే.

ప్యాడ్లను, పిస్టన్‌ను పట్టి ఉంచే భాగం క్యాలిపర్. అది జారే పిన్నులు విప్పి, పాత జిడ్డు తుడిచి, సిలికాన్ గ్రీజు రాయించాను. మామూలు గ్రీజు అయితే రబ్బరు తొడుగులు ఉబ్బుతాయి. పిన్ను జారకపోతే లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగిపోతుంది. పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు పైన డబ్బాలో నూనె మట్టం పెరుగుతుంది, పొంగి రంగు మీద పడకుండా చూసుకోవాలి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా రాసిన నూనె పూత ఉంటే బ్రేక్ క్లీనరుతో కడగాలి. చక్రం నట్లు గాలి తుపాకితో కాకుండా, ఎంత బిగువో చూపే కొలత రెంచితో, ఎదురెదురుగా బిగించాలి. చివరగా, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. ఇది మరిచి షెడ్డు గోడను గుద్దిన బండ్ల కథలు ఆటోనగర్‌లో ఎన్నయినా వినవచ్చు.

ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడేదాకా కొంత ఓపిక కావాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 వరకు, పూర్తిగా ఆపకుండా, మోస్తరుగా నొక్కుతూ పదిసార్లు దించాను, మధ్యలో చల్లబడటానికి కాస్త దూరం నడిపాను. వేడెక్కిన డిస్కు మీద పెడల్ నొక్కి పట్టుకుని సిగ్నల్ దగ్గర నిలబెడితే ఆ ఒక్కచోటే ప్యాడ్ పదార్థం అంటుకుంటుంది.

ఇప్పుడు వణుకు లేదు. పెడల్ మొదటి అంగుళంలోనే పట్టు తెలుస్తోంది, చప్పుడు లేదు. చక్రాల మీద దుమ్ము కొద్దిగా పడుతోంది, అది పెద్ద విషయం కాదు. వానలో తడిసి రాత్రంతా నిలబడితే పొద్దున డిస్కు మీద ఎర్రటి తుప్పు కనిపిస్తుంది, మొదటి రెండు మూడు నొక్కులకు గరగరమంటుంది. పోత ఇనుముకు అది సహజం, కంగారుపడి షెడ్డుకు పరిగెత్తనక్కర్లేదు. ముందు చక్రాలు అటూ ఇటూ మార్చే సమయంలో ప్యాడ్ మందం ఒకసారి చూడమని మేస్త్రికి చెప్పి వచ్చాను. వెనక డ్రమ్ములు ఇంకా విప్పలేదు కాబట్టి వాటికి ఈ పట్టీలో మార్కులు లేవు.