మతం మారకుండా రిజిస్టర్ పెళ్లి: తిరుపతిలో ఈ లాయరమ్మ ఆఫీసు గురించి

మా పెద్దోడు దేవుణ్ణి నమ్మడు. కోడలు క్రిస్టియన్ ఇంటి పిల్ల, ఆమె కూడా చర్చికి పోవడం ఎప్పుడో మానేసింది. నేనేమో వీలు దొరికితే చాలు కొండకు పోయే మనిషిని. ఇలాంటి ఇంట్లో పెళ్లంటే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు. అందుకే కోర్టు దగ్గర మేడ మీదున్న ఈ ఆఫీసు గురించి వివరంగా రాస్తున్నా.

ముందు వేరే ఒకాయన దగ్గరికి పోయాం. "అమ్మాయిని హిందువుగా మార్చేయండి, పని తేలిక" అన్నాడు. మావాడు లేచి బయటికొచ్చేశాడు. నాకూ మనసొప్పలేదు. నమ్మని పిల్ల చేత నమ్ముతున్నానని సంతకం పెట్టిస్తే ఆ స్వామికి మాత్రం నచ్చుతుందా?

ఈ మేడం కుర్చీ వెనక గోడకు వేంకటేశ్వరస్వామి పటం ఉంది. అయినా మావాడు నాస్తికుణ్ణని చెబితే మొహం చిట్లించలేదు. 1872 నాటి పెళ్లి చట్టం కింద, ఇద్దరూ మేం హిందువులం కాదు, క్రైస్తవులం కాదు, ముస్లింలం కాదు అని రాసిస్తేనే పెళ్లి జరిగేదట. 1954 ప్రత్యేక వివాహ చట్టం వచ్చాక ఆ అవసరం పోయింది. మతం ఉన్నా, లేకున్నా ఒకటే. పెళ్లి చేసుకోబోతున్నామని ముందుగా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే నోటీసుకు చట్టంలో ఉన్న నమూనా తీసి మా ముందు పెట్టారు. పేరు, వృత్తి, వయసు, నివాసం, ముందు పెళ్లయిందా లేదా... ఇవే గడులు. మతం గడి లేదు.

గుమాస్తా అలవాటుగా అఫిడవిట్‌లో "దైవసాక్షిగా" అని కొట్టేశాడు. మేడం పెన్నుతో గీత గీసి, 1969 ప్రమాణాల చట్టం ప్రకారం సత్యనిష్ఠతో ప్రకటిస్తే చాలని మళ్లీ టైపు చేయించారు. మావాడు అడగనే లేదు, ఆమే చూశారు.

నా భయం వేరే. దామలచెరువు దగ్గర మాకు ఉమ్మడి మామిడి తోట ఉంది, అంతా తోతాపురి. ఈ పెళ్లితో కొడుకు వాటా పోతుందని మా మరిది అందరితో అంటున్నాడు. మేడం 19వ సెక్షన్ చదివి చెప్పారు. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద వేరే మతం ఇంటి పిల్లను చేసుకుంటే, కుటుంబం నుంచి వేరుపడినట్టు లెక్క. వేరుపడడం వేరు, వాటా పోవడం వేరు. వాడి వాటా వాడిదే. అయితే ఇకపైన వాడి ఆస్తికి వారసులెవరన్నది 1925 భారత వారసత్వ చట్టం చూస్తుంది. ఇద్దరూ హిందువులైతే 21ఎ సెక్షన్ వల్ల ఈ గొడవే ఉండదట. "నేను హిందువునే కాదు కదా" అన్నాడు మావాడు. నాస్తికులకని వేరే వారసత్వ చట్టం మన దేశంలో లేదని, హిందూ ఇంట్లో పుట్టి వేరే మతంలోకి పోనంతవరకు చట్టం హిందువుగానే చూస్తుందని చెప్పారు. వాడికి నచ్చలేదు, కానీ దాచకుండా చెప్పినందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

2019లో తమిళనాడు తిరుపత్తూరులో స్నేహా పార్థిబరాజా అనే లాయరు కులం, మతం లేవని సర్టిఫికెట్ తెచ్చుకున్నారు కదా, తనకూ అది కావాలని మావాడు పట్టుబట్టాడు. "పెళ్లికి దాంతో పనిలేదు, దానికోసం నాకు డబ్బు కట్టొద్దు" అన్నారు మేడం. ఇంకొకరైతే ఫీజు పెంచేవాళ్లు.

వాడికి రియాద్‌లో ప్రాజెక్టు వచ్చేలా ఉందని తెలిసి, మా తల్లిలా హెచ్చరించారు. సౌదీ హోంశాఖ 2014లో నాస్తిక భావాల ప్రచారాన్ని ఉగ్రవాదం కింద చేర్చింది. ఇండోనేసియాలో అలెగ్జాండర్ ఆన్ అనే ఉద్యోగి దేవుడు లేడని ఫేస్‌బుక్‌లో రాసి, 2012లో రెండున్నరేళ్ల జైలు శిక్షకు గురయ్యాడు. ఇక్కడ నమ్మకపోవడం నేరం కాదు. కావాలని ఒకరి మతాన్ని అవమానిస్తే మాత్రం 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది. మన పిలకాయలు గల్ఫ్‌కు పోయే ముందు ఇవి ఎవరైనా చెప్పాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా కొడుకు నాతో ఒప్పుకోకుండా నా పక్కనే కూర్చుని అన్నం తినగలిగే దేశంలో పుట్టినందుకు స్వామికి దండం పెట్టుకున్నా.

లోపాలూ ఉన్నాయి. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కష్టపడతారు. ఫోన్ ఒక పట్టాన ఎత్తరు. నోటీసు కాగితం రిజిస్ట్రార్ ఆఫీసు బోర్డు మీద అంటిస్తారని, ఎవరైనా చూడొచ్చని మాకు ఇంకా ముందే చెప్పుండాల్సింది. బంధువుల ఫోన్లు మొదలయ్యాకే అర్థమైంది. ఫీజు మాత్రం మొదటి రోజే కాగితం మీద రాసిచ్చారు, పైసా ఎక్కువ అడగలేదు.

నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, 3 నెలలు దాటితే మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి తేదీ చూసుకుని వెళ్లండి. ముగ్గురు సాక్షులు కావాలి. పొద్దున ఆమె కోర్టులో ఉంటారు, సాయంత్రం పోతే దొరుకుతారు.