సెంటర్ రాడ్ బోర్డు మూడేళ్ళు వాడాక: స్టెప్ కేకు మన గుమ్మం దాటిన తర్వాత సంగతి

నేను విజయవాడలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. స్టెప్ కేకుల్ని చాలావరకు కస్టమర్లే కారేసుకొచ్చి తీసుకెళ్తారు. గుంటూరు, తెనాలి, మచిలీపట్నం దాకా వెళ్ళేవీ ఉంటాయి. రెండంతస్తుల కేకు మన చేతుల్లోంచి వెళ్ళి ఫంక్షన్ హాల్లో బల్ల ఎక్కేదాకా ఎంత టెన్షనో ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఆ టెన్షన్ తగ్గించుకోవడానికి కొన్నవాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది సెంటర్ రాడ్ బోర్డు, అంటే అంతస్తులు పక్కకి జరగకుండా మధ్యలో నిలువు రాడ్డు ఉండే కేకు బోర్డు. మూడేళ్ళుగా వాడుతున్నాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ చెప్తాను.

వస్తువు చాలా సింపుల్. 12 ఎంఎం ప్లైవుడ్‌ని గుండ్రంగా కోసి, మధ్యలో రంధ్రం చేసి, 8 ఎంఎం మర రాడ్డు నిలబెట్టి, అడుగున వాషరు వేసి నట్టు బిగిస్తారు. నట్టు బయటికి పొడుచుకు రాకుండా ప్లైవుడ్‌లోకి దిగేలా గుంట చెక్కించాలి, లేకపోతే బోర్డు బల్ల మీద ఊగుతుంది. నేను మా కార్పెంటరు చేత చేయించి, అడుగున నాలుగు రబ్బరు బుష్‌లు కూడా కొట్టించాను. వాటివల్ల బోర్డు జారదు, ఎత్తడానికి వేళ్ళు దూరేంత సందు కూడా దొరుకుతుంది. ఇనుము కేకుకి తగలకూడదు కాబట్టి రాడ్డుకి ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ గొట్టం తొడుగుతాను. రాడ్డు స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి, మామూలుది ఫ్రిజ్ తేమకి తుప్పు పడుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ సెట్లు కూడా వాడి చూశాను. రెండు కిలోల దాకా పర్వాలేదు. బరువు అంతకు మించితే రాడ్డు మొదట్లో మర వదులై ఊగుతుంది.

ఒక్కో అంతస్తు కింద పెట్టే అట్టకి ముందే మధ్యలో రంధ్రం చేసుకోవాలి. కేకుని ఫ్రిజ్‌లో బాగా గట్టిపడనిచ్చి, పైనుంచి రాడ్డులోకి నిదానంగా దించాలి. రాడ్డు చివర పై కేకు లోపలే ఒక అంగుళం కింద ఆగిపోవాలి. నాలుగేసి అంగుళాల ఎత్తున్న రెండు అంతస్తులకి నేను 7 అంగుళాల రాడ్డు పెడతాను.

రాడ్డు ఉంటే డవల్స్ (కింది కేకులో నిలువుగా గుచ్చే పుల్లలు) అక్కర్లేదని కొందరు అనుకుంటారు. అలా ఎప్పుడూ చెయ్యకండి. రాడ్డు ఆపేది అంతస్తులు పక్కకి జరగడాన్ని మాత్రమే. పై కేకు బరువు మోసేవి కింది కేకులో గుచ్చిన డవల్స్. అవి పొట్టిగా ఉంటే పై కేకు బరువంతా స్పాంజి మీద పడి, లోపలి పొరల క్రీము పక్కలకి ఉబ్బి బయటికొస్తుంది. హెచ్చుతగ్గులుంటే కేకు మన వంటగదిలోనే ఒరుగుతుంది. ఒకటి గుచ్చి, క్రీము అంచుకి గుర్తు పెట్టి, బయటికి తీసి, మిగతావన్నీ ఆ కొలతకే కోస్తాను. ఆరంగుళాల పై కేకుకి ఐదు గుచ్చుతాను. ఇదివరకు లావుపాటి బబుల్ టీ స్ట్రాలు వాడేదాన్ని. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం వచ్చాక చెక్కవాటికి మారాను. కొయ్యడానికి చిన్న రంపం కావాలి గానీ, ఒక్కటి కూడా వంగదు.

పెట్టె దగ్గర నేను చూసేది రెండే. బోర్డు వెడల్పూ పెట్టె అడుగూ ఒకే కొలతలో ఉండాలి, ముందువైపు తలుపులా తెరుచుకోవాలి. కేకుని పైనుంచి దించే పెట్టె అయితే క్రీముకి చెయ్యి తగలకుండా పెట్టడం చాలా కష్టం. ఇంకో మాట, అట్టపెట్టెని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచకండి. తేమ పీల్చుకుని అట్ట మెత్తబడుతుంది, పొద్దున ఎత్తేసరికి అడుగు దిగిపోతుంది. కస్టమరు వచ్చాక, పొడి పెట్టెలో పెట్టి ఇవ్వడమే మంచిది.

ఎండని ఏ రాడ్డూ ఆపలేదు. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే. 30 దాటితే వెన్న జావగా అవుతుంది, విప్పింగ్ క్రీము మీద గీతలు కలిసిపోతాయి. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్టెప్ కేకులకి పైపూతగా చాక్లెట్, క్రీము కలిపి చేసే గనాషే వేస్తాను. డార్క్ చాక్లెట్ అయితే క్రీముకి రెండింతలు, వైట్ అయితే మూడింతలు. దూరం వెళ్ళేవాటికి పెట్టె చుట్టూ థర్మోకోల్ పలకలు పెట్టి, జెల్ ప్యాకులు గుడ్డలో చుట్టి మూలల్లో ఉంచుతాను. అవి కేకుకి గానీ బోర్డుకి గానీ తగలకూడదు. ఫాండెంట్ (పలచగా ఒత్తి కప్పే చక్కెర ముద్ద) కేకు అయితే హాలుకి చేరిన వెంటనే పెట్టె తెరవొద్దని చెప్తాను. చల్లటి కేకుకి ఒక్కసారిగా తేమగాలి తగిలితే పైన నీటిబొట్లు పట్టి రంగులు కారతాయి.

ఇక కారు. దెబ్బ తినే కేకుల్లో ఎక్కువ భాగం దెబ్బ తినేది సీటు మీదే. కారు సీటు చూడటానికి చదునుగా ఉంటుంది గానీ వెనక్కి వాలు ఉంటుంది. దాని మీద పెట్టిన కేకు దారంతా ఏటవాలుగా కూర్చుని, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి వస్తుంది. ఒడిలో పెట్టుకోవడం ఇంకా ప్రమాదం, మోకాళ్ళు సమంగా ఉండవు, ఒంటి వేడి కూడా తగులుతుంది. ముందు సీటుని పూర్తిగా వెనక్కి జరిపి కాళ్ళు పెట్టుకునే చోట పెట్టడం గానీ, డిక్కీలో చదునైన చోట పెట్టడం గానీ చెయ్యాలి. కింద వంటింటి సొరుగుల్లో వేసే రబ్బరు జాలీ చాప పరవాలి. కాళ్ళ దగ్గర పెడితే ఏసీ గాలి అటే వెళ్ళేలా తిప్పాలి. కారుని పది నిమిషాల ముందే చల్లబరచమని ఫోన్ చేసి చెప్తాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, దాన్ని 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటొచ్చు. మన కాలనీల్లో ఉండేవి అంత వెడల్పు ఉండవు కాబట్టి వాటి దగ్గర కారు దాదాపు ఆగి దాటాలి. స్కూటీ మీద వచ్చినవాళ్ళకి స్టెప్ కేకు ఇవ్వను. బతిమాలినా ఇవ్వను, ఆటో పిలిపిస్తాను.

ఇంత చేసినా ఫోన్లు వస్తాయి. గుంటూరు వైపు వెళ్ళిన ఒక పెళ్ళిరోజు కేకు గురించి కాజ టోల్‌గేటు దాటాక ఫోన్ వచ్చింది. “మేడం, పై కేకు పడిపోయేలా ఉంది, చేత్తో నెట్టమంటారా?” అన్నారు. “వద్దండీ, అస్సలు ముట్టుకోకండి. కారు నీడలో ఆపి, ఏసీ పెంచి, పెట్టె తలుపు తీసి పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫోటో తీసి పంపండి” అన్నాను. ఫోటో చూస్తే పై కేకు కింది కేకు మీద సరిగ్గా మధ్యలోనే ఉంది. నేను కాళ్ళ దగ్గర పెట్టించిన పెట్టెని మధ్యలో ఎవరో ఎక్కడంతో వెనక సీటు మీదికి మార్చారు. సీటు వాలుకి పెట్టె మొత్తం ఒరిగింది, ఓ పక్క క్రీము అట్టకి అంటుకుంది. రాడ్డు లేకపోతే పై అంతస్తు కచ్చితంగా జారిపోయేది. హాల్లో ఏసీ గదిలో అరగంట ఉంచాక, నేను పంపిన క్రీముతో వాళ్ళ అమ్మాయి పూసేసింది.

అందుకే ప్రతి స్టెప్ కేకుతో ఒక చిన్న డబ్బా పంపుతాను. అందులో అదే రంగు క్రీము నింపిన పైపింగ్ బ్యాగు, చిన్న పాలెట్ నైఫు, నాలుగు చక్కెర పూలు ఉంటాయి. ఏం జరిగినా ముందు కేకుని చల్లబరచమంటాను. మెత్తగా ఉన్నప్పుడు సరిచేస్తే చిన్న సొట్ట పెద్దదవుతుంది. గనాష్ గీసుకుపోతే వేడినీళ్ళలో ముంచి తుడిచిన చాకుతో ఒక్కసారి లాగితే చాలు. ఫాండెంట్ చీలితే నీళ్ళు రాయకుండా పూలతో కప్పాలి. పై అంతస్తు బాగా పాడైతే దాన్ని నిటారుగా పైకి లాగి వేరే పళ్ళెంలో పెట్టి, రెండు కేకులుగా బల్ల మీద ఉంచమంటాను.

డబ్బు వాపసు సంగతి ఆర్డరు తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో రాసి పంపుతాను. కేకు ఇచ్చేటప్పుడు చుట్టూ తిప్పి, తర్వాత కారులో పెట్టిన చోటు కూడా కలిపి, కస్టమరు ఎదురుగానే వీడియో తీస్తాను. కింది కేకు ఉబ్బినా, డవల్స్ దిగబడినా, అంతస్తులు విడిపోయినా అది కేకు కట్టడంలో లోపం, బాధ్యత నాది, డబ్బు వెనక్కి ఇస్తాను. ఒక పక్క సొట్ట, క్రీము అంటుకోవడం, ఎండకి కరగడం లాంటివి దారిలో జరిగినవి. వాటికి డబ్బు ఇవ్వను గానీ, ఊళ్ళోనే అయితే వెళ్ళి ఉచితంగా సరిచేసి వస్తాను. గుమ్మం దాటితే మాకు సంబంధం లేదనే బేకర్లున్నారు. నేను ఒప్పుకోను. కేకుని ఎలా తీసుకెళ్ళాలో కస్టమరుకి తెలియదు, చెప్పాల్సింది మనమే. అలాగని ప్రతి ఫోనుకీ మొత్తం డబ్బు ఇచ్చేస్తే రెండు రోజుల కష్టం పోతుంది, ఇంకోసారి కూడా పెట్టె సీటు మీదికే వెళ్తుంది.

రాడ్డుతో ఇబ్బందులూ ఉన్నాయి. కోసేవాళ్ళకి చెప్పకపోతే చాకు రాడ్డుకి తగులుతుంది, అందుకే పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తాను. బోర్డుకి 500 డిపాజిట్ తీసుకుంటాను, అయినా కొన్ని తిరిగి రావు. ప్రతిసారీ నట్టు బిగించి చూసుకోవాలి. రసమలై, ట్రెస్ లెచెస్ లాంటి పాలలో నానిన కేకులకి మాత్రం ఇది పనికిరాదు. తడి స్పాంజి రాడ్డు చుట్టూ చినిగిపోతుంది. అలాంటివి స్టెప్పుల్లో అడిగితే కింద గట్టి స్పాంజి పెట్టి, రసమలైని విడిగా ట్రేలో ఇస్తాను.

ఒక్కో బోర్డుకి నాకైన ఖర్చు ఆరు వందల లోపే. నెలకి ఒక్క స్టెప్ కేకు చేసేవాళ్ళైనా చేయించుకోండి. అదీ రెండు చేయించండి, ఒకటి కస్టమరింట్లో ఉండిపోయినప్పుడు తర్వాతి ఆర్డరుకి రెండోది చేతిలో ఉండాలి.