బటన్లు నొక్కే హాలా, వస్తువులు చేతికిచ్చే టేబులా: చిన్న పిల్లలకు ఏది మేలు?

ఐదో తరగతి లోపు పిల్లల్ని గాజు పెట్టెల మధ్య వరుసలో నడిపించే మ్యూజియం సందర్శన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పిల్లల ఎత్తుకు అందని వస్తువులు, వాళ్లు చదవలేని చీటీలు, మధ్యమధ్యలో "ముట్టుకోవద్దు" అనే కేకలు. అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే: పరికరాలతో ఆడుకోనిచ్చే సైన్స్ కేంద్రం, పాత వస్తువుల్ని చేతికిచ్చి చూడమనే సెషన్.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ కేంద్రాన్ని మొదలుపెట్టిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ భౌతిక శాస్త్రవేత్త. మధ్యలో కొన్నాళ్లు హైస్కూల్లో పాఠాలు కూడా చెప్పాడు. వచ్చినవాళ్లే తమ చేతులతో చేసి చూడాలన్నది ఆయన పద్ధతి. కానీ ఆ దారిలో వచ్చిన హాళ్లన్నీ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల బటన్ నొక్కడం, లైటు వెలిగేలోపే పక్కదాని దగ్గరికి పరుగెత్తడం, అంతే. పరికరం మంచిదో కాదో నేను ఒక్క విషయంలో చూస్తాను: పిల్ల వేరేలా చేస్తే ఫలితం వేరేలా రావాలి. నీళ్లకు అడ్డుకట్ట వేసే తొట్టి, దిమ్మెలతో పేర్చే కమాను అలాంటివి. అవి కూలిపోతాయి, మళ్లీ కట్టాలి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు నా ఓటు వీటికే. ఒకచోట కూర్చోమంటే ఆ వయసులో ఎలాగూ కూర్చోరు. హోరు భరించలేని పిల్లలుంటే మాత్రం జనం తక్కువగా ఉండే వేళ అడగాలి.

మూడో తరగతి దాటాక చేతికిచ్చే సెషనే మేలంటాను. దీనికి మ్యూజియంవాళ్లు ఒకటికి రెండున్నవి, విరిగినవి, నకళ్లు విడిగా పెట్టుకుంటారు. చేతి చెమటలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది కాబట్టి అరుదైనవి బయటికి రావు. "అయితే అసలువి కావా?" అని పెద్దలు పెదవి విరుస్తారు గానీ పిల్లలకు ఆ పట్టింపు లేదు. కుండ పెంకు లోపలివైపు కుమ్మరి వేళ్ల గీతలు వేలికి తగిలితే చాలు, ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఈ పిడి ఒకపక్కే ఎందుకు అరిగింది? వాడినవాళ్లది ఎడమ చెయ్యా? చూపు తక్కువున్న పిల్లలు కూడా ఇక్కడ మిగతావాళ్లతో సమానంగా పాల్గొనగలరు.

ఇందులో చిక్కంతా సంఖ్యతోనే. టేబుల్ చుట్టూ పదిమంది మించితే వస్తువు చివరి పిల్లకి చేరేసరికి గంట అయిపోతుంది. నలభైమంది క్లాసయితే నాలుగు జట్లు చెయ్యాలి, మిగతా మూడు జట్లనూ చూసుకునే పెద్దలు కావాలి. అంతమంది దొరకకపోతే కొన్ని మ్యూజియంలు స్కూళ్లకు అరువిచ్చే వస్తువుల పెట్టె నయం. క్లాసులోనే ఉంటుంది, బస్సు టెన్షన్ లేదు, నిన్న తోచని ప్రశ్న ఇవాళ అడగొచ్చు.

బుక్ చేసేముందు ఫోన్ చేసి, ఎన్ని వస్తువులు చూపిస్తారో కనుక్కోండి. గంటలో ఇరవై అంటే, ఐదు చాలని చెప్పండి.