1957 నాటి ఉత్తరంలో జిప్ కోడ్

కౌబాయ్ నటుల సంతకాలున్న ఉత్తరాల కోసం లాస్ ఏంజెలెస్ వెళ్లేవాళ్లు ఆ కొట్టు గడప తొక్కే ముందు ఇది చదవండి. పేరు చెప్పను. హాలీవుడ్‌లోనే, అద్దాల బీరువాల నిండా పాత ఫోటోలు పెట్టుకున్న కొట్టు.

‘గన్‌స్మోక్’ టీవీ సీరియల్‌లో 1955 నుంచి 1975 దాకా మార్షల్ డిల్లన్‌గా నటించిన జేమ్స్ ఆర్నెస్ ఉత్తరం ఉందా అని అడిగాను. కొట్టతను వెంటనే తీశాడు. టైపు చేసిన అరపేజీ, కింద నీలి సిరా సంతకం, తేదీ మార్చి 1957, ధర 425 డాలర్లు. కాగితం పైన అచ్చు వేసిన చిరునామా చివర ఐదంకెల జిప్ కోడ్, అంటే మన పిన్ కోడ్ లాంటిది! అది అమల్లోకి వచ్చిందే 1963 జూలై 1న. అంతకుముందు పెద్ద నగరాలకు ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెల జోన్ నంబరు రాసేవారు, అంతే. ఆ మాటే అడిగాను. ‘ధ్రువపత్రం ఇస్తున్నాం కదా’ అన్నాడు. ఇచ్చేదీ వాళ్లే, అచ్చు వేసుకున్నదీ వాళ్లే. దొంగ తన మంచితనానికి తానే సాక్ష్యం చెప్పినట్టుంది. మళ్లీ అడిగేసరికి ఉత్తరం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు, ఫోనులో మునిగిపోయాడు. ‘పదండి, పార్కింగుకే 18 డాలర్లు అయ్యాయి’ అంది మా ఆవిడ.

గ్రిఫిత్ పార్కులో కౌబాయ్ నటుడు జీన్ ఆట్రీ స్థాపించిన మ్యూజియం హాయిగా చూశాం. మర్నాడు 395 రోడ్డు మీద లోన్ పైన్ అనే ఊరు వెళ్లాం.

అక్కడి మోటెల్‌ది ఇంకో కథ. ఆన్‌లైన్‌లో 139 డాలర్లు చూపించి, తాళంచెవి ఇచ్చేటప్పుడు ‘సౌకర్యాల రుసుము’ అంటూ ఇంకో 25 లాగారు. సౌకర్యమంటే రాత్రంతా మంచం పక్కన నీళ్లు కార్చిన ఏసీ. మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

మామగారు మాత్రం మహా హుషారు. 1971లో కృష్ణ కౌబాయ్ వేషం కట్టిన సినిమాను విజయవాడలో నాలుగుసార్లు చూసిన మనిషి. 1920 నుంచి ఎన్నో కౌబాయ్ చిత్రాలు తీసిన, ఆ ఊరి పక్కనే ఉన్న అలబామా హిల్స్ బండల మధ్య నడుం నొప్పి మరిచి తిరిగారు. ‘అల్లుడుగారూ, ఆ బండ చాటున దొంగలు ఉండాలే’ అంటూ ఒకటే సరదా. ఊళ్లోని కౌబాయ్ సినిమాల చరిత్ర మ్యూజియానికి సగం రోజైనా కేటాయించండి.

నాకు కావలసింది ఆ ఊళ్లోనే, పాత సామాన్ల కొట్టులో 45 డాలర్లకు దొరికింది. విలన్ అనుచరుడి వేషాలు వేసిన ఓ చిన్న నటుడు అభిమానికి రాసిన జవాబు. టైపులో తప్పుపడిన మాటను సంతకం పెట్టిన సిరాతోనే దిద్దాడు. కాగితం తిప్పి వేలితో తడిమితే కలం నొక్కు తెలుస్తుంది. పెద్ద హీరోలకు వచ్చే ఉత్తరాలకు చాలాసార్లు కార్యదర్శులే జవాబు రాసి సంతకాలు పెట్టేవారు. నన్నడిగితే చిన్న నటుల ఉత్తరాలే కొనండి. వాటిని నకలు చేసి బాగుపడేవాడు ఉండడు.

అక్టోబరులో ఆ ఊళ్లో కౌబాయ్ సినిమాల ఉత్సవం జరుగుతుంది, గదులు ముందే పట్టుకోండి. ఆఖరికి ఏసీ కారే ఆ మోటెల్ ఒక్కటే ఖాళీగా ఉంటే కారులోనే పడుకోండి, 164 డాలర్లు మిగులుతాయి.