షాట్కీ డయోడా, మాస్‌ఫెటా: ప్లస్ మైనస్ తారుమారైతే ఏది మేలు?

గుంటూరులో ఎండలు ముదిరే వేళకు ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టుల హడావుడీ ముదురుతుంది. ఏటా ఒకటే ప్రశ్న: బ్యాటరీ తీగలు తారుమారైనా బోర్డు కాలకుండా డయోడ్ (కరెంటును ఒకవైపే వదిలేది) పెట్టాలా, మాస్‌ఫెట్ (స్విచ్చులా తెరుచుకుని మూసుకునే ట్రాన్సిస్టర్) పెట్టాలా? ఈసారి నాకూ అది తేల్చుకోక తప్పలేదు. కరెంటు పోయిన చీకట్లో, మేడమీద కుండీలకు నీళ్ళు పెట్టే పెట్టెకు పాత యూపీఎస్ బ్యాటరీ తీగలను అటూ ఇటూగా తగిలించి కాల్చుకున్నాను.

మాస్‌ఫెట్ వాదన బలమైనదే. పీ చానల్ రకం ఐఆర్‌ఎఫ్9540ఎన్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు నిరోధం 0.117 ఓమ్. అంటే 2 ఆంపియర్లు పారినా పావు వోల్టు కూడా పోదు. అదే కరెంటుకు 1ఎన్5822 షాట్కీ డయోడ్ (మామూలు డయోడ్ కన్నా తక్కువ వోల్టేజీ తినే రకం) అర వోల్టుకు కాస్త తక్కువగా తినేస్తుంది. మామూలు 1ఎన్4007 సంగతి వదిలేయండి, దాని హద్దే 1 ఆంపియరు.

అయినా నా ఓటు షాట్కీకే. డయోడ్‌ను తిప్పి సోల్డర్ చేస్తే పెట్టె అసలు వెలగదు, తప్పు అప్పుడే బయటపడుతుంది. మాస్‌ఫెట్ అలా కాదు. దానికి డ్రెయిన్, సోర్సు, గేటు (తెరిచి మూసే కాలు) అని మూడు కాళ్ళు. బ్యాటరీ ప్లస్ డ్రెయిన్‌కు రావాలి, సోర్సు బోర్డుకు వెళ్ళాలి. మనకు సహజంగా తోచేది దీనికి తలకిందులు. తలకిందులుగా కట్టినా మామూలు రోజుల్లో అంతా చక్కగానే నడుస్తుంది. తీగలు మారిన రోజున మాత్రం మాస్‌ఫెట్ లోపలి డయోడ్ కరెంటును వదిలేస్తుంది, బోర్డు పోతుంది. కాపలా ఉందన్న ధీమాయే మనల్ని ముంచుతుంది. 12 వోల్టుల బ్యాటరీలో అర వోల్టు పోతే నాకు పోయేదేమీ లేదు.

తీగల మధ్య అడ్డంగా డయోడ్ వేసి ముందు ఫ్యూజు పెట్టే పద్ధతీ ఉంది. కానీ ఫ్యూజు పోగానే రాగి తీగ చుట్టేసే అలవాటు మన ఇళ్ళలో ఎవరికి లేదు? బ్రిడ్జి రెక్టిఫయర్ ఎటు తగిలించినా పనిచేస్తుంది కానీ, రెండు డయోడ్ల నష్టం.

ఇక ఎక్కువ వోల్టేజీ. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్‌ను తెచ్చి తగిలిస్తే డయోడూ ఆపదు, మాస్‌ఫెట్టూ ఆపదు. పీ6కేఈ18ఏ లాంటి టీవీఎస్ డయోడ్ మోటారు ఆగినప్పుడు లేచే క్షణకాలపు పోటును మింగగలదు, గంటల తరబడి వచ్చే 19 వోల్టులను కాదు. ఆపేదాన్ని వెతకడం కన్నా తట్టుకునేదాన్ని పెట్టుకోవడం సులువు: వోల్టేజీని తగ్గించి ఇచ్చే ఎల్‌ఎం2596 చిప్పు 40 వోల్టుల దాకా తీసుకుని 5 వోల్టులే ఇస్తుంది. నా కొత్త పెట్టెలో షాట్కీ తర్వాత అదే ఉంది.

బోర్డు నేరుగా 5 వోల్టుల మీద నడిచేదైతే మాస్‌ఫెటే సరైనది. అక్కడ అర వోల్టూ బరువే. అయితే ఐఆర్‌ఎఫ్9540ఎన్ ఆ 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోదు, ఏఓ3401 లాంటిది తీసుకోండి. దాని గేటు 12 వోల్టులకు మించి ఓర్చుకోదు కాబట్టి బ్యాటరీ పెట్టెలో వాడకండి. కట్టాక బోర్డు బదులు చిన్న టార్చి బల్బు తగిలించి, తీగలు కావాలనే మార్చి చూడండి. ఎల్‌ఈడీ కాదు (తీగలు మారితే అదెలాగూ వెలగదు), ఫిలమెంటు బల్బే. అది వెలిగిందంటే మాస్‌ఫెట్‌ను ఊడదీసి తిప్పాల్సిందే.