కణాల్ని సాగదీసే మిషను: బరంపురం ఎండల్లో వాడి చూశాక

మిషను మంచిదే, కొనుక్కోవచ్చు. డిస్‌ప్లే మీద కనబడే సాగుదల శాతాన్ని నమ్మి మాత్రం థీసిస్ రాయకండి.

మాది ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న ల్యాబు. మా దగ్గరున్నది మోటారుతో నడిచే సెల్ స్ట్రెచర్. సిలికాన్ రబ్బరుతో చేసిన చిన్న తొట్టి, దాని అడుగున పలచటి పారదర్శకమైన పొర. కణాలు పెరిగేది ఆ పొర మీదే. తొట్టిని ఒక పక్క కదలని పిన్నులకు, రెండో పక్క మోటారు లాగే చేతికి తగిలిస్తాం. చట్రం మొత్తాన్ని ఇంక్యుబేటర్‌లో, అంటే 37 డిగ్రీల వేడి, తేమ ఉండే పెట్టెలో పెట్టి, వైరును వెనక రంధ్రంలోంచి బయటికి తీసి కంట్రోలర్‌కి కలుపుతాం. ఎంత సాగాలో, సెకనుకి ఎన్నిసార్లు సాగాలో నొక్కితే చాలు.

ఎందుకింత తంటా అంటే, ప్లాస్టిక్ డిష్‌లో కణం కదలని నేల మీద పెరుగుతుంది. ఒంట్లో అలా ఉండదు. గుండె కణమైనా, ఊపిరితిత్తి కణమైనా క్షణం ఊరికే ఉండదు. మోసే బరువును బట్టి ఎముక తన అల్లికను మార్చుకుంటుందని జూలియస్ వుల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 1892లోనే రాశాడు. ఆ లాగుడును కణం ఎలా పసిగడుతుందో తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 2010లో పియెజో1 అనే ప్రోటీన్ దొరికింది. కణం పొర సాగితే అది తెరుచుకుని కాల్షియంను లోపలికి వదులుతుంది. ఆ పనికే శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్‌కి 2021 వైద్య నోబెల్‌లో వాటా వచ్చింది.

ఇక అసలు సంగతి. 10 శాతం, 1 హెర్ట్జ్ (సెకనుకి ఒకసారి) అని పెడితే డిస్‌ప్లే 10 అనే చూపిస్తుంది. అది మోటారు చెయ్యి కదిలిన దూరాన్ని బట్టి వేసిన లెక్క. పొర సంగతి వేరు. పిన్నుల దగ్గర రబ్బరు నొక్కుకుపోయి కొంత లాగుడు అక్కడే పోతుంది. పైగా సిలికాన్ ఘనపరిమాణం దాదాపు మారదు, కాబట్టి పొడవుగా సాగితే అడ్డంగా కుంచించుకుపోతుంది. మేం పొర అడుగున సన్న మార్కర్‌తో చుక్కలు పెట్టి, సాగకముందూ సాగాకా మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి దూరాలు కొలిచాం. మధ్యలో 8 దరిదాపుల్లో వచ్చింది, పిన్నుల వైపు ఇంకా తక్కువ. అందుకే మధ్య భాగంలోని కణాల్నే లెక్కలోకి తీసుకుంటాం. కొత్త రబ్బరు మొదటి లాగుళ్లలో కాస్త మెత్తబడుతుంది కూడా, కాబట్టి కణాలు వేసే ముందు ఖాళీ తొట్టిని కాసేపు నడిపించాలి. 1 హెర్ట్జ్ అంటే రోజుకు 86,400 లాగుళ్లు. అన్ని లాగుళ్లు తిన్న తొట్టిని మళ్లీ కొలవకుండా వాడితే మీ ఇష్టం.

అంకె సంగతి పక్కన పెడితే, పని మాత్రం భేషుగ్గా చేస్తుంది. సాయంత్రం ఎటు పడితే అటు పడున్న ఫైబ్రోబ్లాస్ట్‌లు (కణజాలాన్ని కలిపి ఉంచే నారను తయారుచేసే కణాలు) పొద్దునకి లాగుడుకు అడ్డంగా, మా వీధి మగ్గాల మీది పడుగు దారాల్లా ఒకే వరసలోకి వచ్చేస్తాయి. ఒకసారి సాగదీసి వదిలేస్తే అంత చక్కగా తిరగవు, లాగుతూ వదులుతూ ఉండాలి. అయితే ఉత్త సిలికాన్‌కి కణాలు అంటుకోవు. కణాలు పట్టుకునే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూయాలి. ప్లాస్మా (రక్తంలోది కాదు, విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువు) తగిలిస్తే పొర నీటిని పట్టుకుంటుంది గానీ కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది, చేసిన రోజే వాడుకోవాలి. నూనె గుణం ఉన్న మందుల్ని ఈ రబ్బరు పీల్చేసుకుంటుంది, మందులు పరీక్షించేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు.

బ్రోచర్‌లో ఊసే లేనిది ఇంకొకటుంది. పొర సాగినప్పుడల్లా మీడియం, అంటే కణాలకు తిండి పెట్టే ద్రవం కూడా ఊగుతుంది. ఆ ఒరిపిడికీ కణాలు స్పందిస్తాయి. అందుకని కదలని తొట్టి ఒకటి, ద్రవం ఊగుతూ పొర సాగని తొట్టి ఇంకొకటి, రెండూ పోలికకు పెట్టుకోవాలి.

మా ఊరి వాతావరణంతో వచ్చే బాధ వేరే. ఇంక్యుబేటర్‌కి వేడి చెయ్యడమే తెలుసు, చల్లబరచడం తెలీదు. గది దానికంటే కనీసం 5 డిగ్రీలు చల్లగా ఉండాలి. మే నెలలో సాయంత్రం గాలివానకి కరెంటు పోతే ఏసీ ఆగిపోతుంది, యూపీఎస్ మీద ఇంక్యుబేటరూ మిషనూ నడుస్తూనే ఉంటాయి. మోటారు వేడి కూడా తోడై లోపల 38 దాటేస్తుంది. యూపీఎస్ కూడా అయిపోతే మిషను ఆగుతుంది. కరెంటు వచ్చాక తనంతట తాను మొదలవదు, ఎప్పుడు ఆగిందో రాసిపెట్టుకోదు. ఇంత ధర పెట్టిన మిషనుకి ఇది క్షమించరాని లోటు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరులో మా పక్కనే ఉన్న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అక్టోబరులో పెద్ద ప్రయోగం పెట్టుకోవాలంటే ఇక్కడ అందరికీ టెన్షనే.

లోపలి తేమకి మోటారు కనెక్టర్లు చిలుము పట్టాయి. కంపెనీవాళ్లు పార్టు పంపడానికి నెలలు తిప్పుతుంటే, చివరికి పెద్ద బజారులో మోటార్లు బాగుచేసే అన్నయ్య దగ్గరికి తీసుకెళ్లాను. "ఏటమ్మా, ఇది పగలూ రాత్రీ తిరుగుతాదా? ఆవిరిలోనా?" అని తల పట్టుకుని, కనెక్టర్లు మార్చి సిలికాన్ పేస్టుతో మూసేశాడు. అప్పట్నుంచి మళ్లీ ఆగలేదు. డబ్బుంటే వాక్యూమ్‌తో పొరను లాగే రకం చూడండి. పంపు బయటే ఉంటుంది, తేమలో తుప్పు పట్టే మోటారు ఉండదు.

తొట్ల ధర ఎక్కువ కాబట్టి ఇప్పుడు మేమే పోసుకుంటున్నాం. సిల్‌గార్డ్ 184 అనే సిలికాన్ రబ్బరు ద్రవాన్ని, దాన్ని గట్టిపరిచే ద్రవంతో 10కి 1 పాళ్లలో కలిపి, బుడగలు పోయేదాకా వాక్యూమ్‌లో ఉంచి, అచ్చులో పోసి ఓవెన్‌లో గట్టిపరుస్తాం. పొర మందం ఒక్కోదానికి ఒక్కోలా వస్తుంది, అందుకని ఏ తొట్టికి ఎంత సాగుదల వచ్చిందో కొలిచి దాని గోడ మీదే రాసేస్తాం.